జేబులో ఫ్యూజు

జహూర్ చావు మీద ఫ్యాక్టరీ రాసిన రిపోర్టు మొత్తం నాలుగు లైన్లు. మొదటి మూడు లైన్లలో తేదీ, టైము, చోటు ఉన్నాయి. నాలుగో లైనులో 'ఫ్యూజు తీయకుండా పని చేసినందున, సొంత అజాగ్రత్త వల్ల మృతి' అని ఉంది. పటాన్‌చెరులోని శంభు కంట్రోల్స్ ఫ్యాక్టరీ వాళ్లు ఆ నాలుగో లైనును పెద్ద అక్షరాలతో రాయించి గేటు పక్కన బోర్డు కట్టారు. కొత్తగా చేరిన అప్రెంటిస్‌లకు సేఫ్టీ క్లాసులో మొదటి పాఠం అదే.

జహూర్ భార్య నజీరాకు కంపెనీ క్యాంటీన్‌లో ఉద్యోగం ఇచ్చారు. అంటే రోజూ రెండుసార్లు ఆ బోర్డు పక్కనుంచి నడిచే ఉద్యోగం అన్నమాట. ఆమెకు చదువు రాదు కాబట్టి పరవాలేదని మేనేజర్ అనుకున్నాడు. బోర్డు మీద ఏముందో ఆమెకు మొదటిరోజే నలుగురు చదివి చెప్పారు.

సరిగ్గా పదకొండు నెలల తర్వాత, 1987 నవంబర్‌లో, ఆ కేసు రామచంద్రాపురంలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద మళ్లీ తెరుచుకుంది. కింద ముప్పై టైపు మిషన్లు పొద్దంతా టకటకలాడుతూ ఉంటాయి. ఆ చప్పుడులో ఎంత ఖరీదైన దొంగ మైక్రోఫోనైనా చెవిటిదే. అందుకే కౌంటర్ ఇంటెలిజెన్స్ వాళ్లు తమ ఆఫీసును ఆ మేడ మీద పెట్టుకున్నారు. చీఫ్ కల్నల్ నరసరాజు టేబుల్ మీద, ఫైళ్ల మధ్య, సంగప్ప ఒక పింగాణీ ఫ్యూజు పెట్టాడు.

సంగప్పది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. సంగారెడ్డి ఐటీఐలో జహూర్‌తో ఒకే బల్ల మీద చదివాడు. తర్వాత జహూర్ ఫ్యాక్టరీకి వెళ్లాడు, సంగప్ప ఇటు వచ్చాడు. కొన్నాళ్లకు సంగప్పే జహూర్‌ని డిపార్ట్‌మెంట్‌కు రహస్యంగా కబుర్లు చేరవేసే మనిషిగా పెట్టించాడు. చావుకు ఒకరోజు ముందు జహూర్ ఫోన్ చేసి, "ల్యాబ్ అలారం వైరును ఎవడో గెలికిండు, రేపు చెప్త" అన్నాడు. ఆ రేపు రాలేదు. ఏడాదిగా సంగప్ప గొంతులో ముల్లులా ఉన్న సంగతి అదే.

"ఏమిటిది?" అన్నాడు చీఫ్.

"ఫ్యూజు సార్. జహూర్ అంగి జేబుల దొరికింది. దవాఖానోళ్లు ఇచ్చిన బట్టల మూట మా నజీరా భాబీ ఇన్ని దినాలు ఇప్పలె. సచ్చి ఏడాదైతుంది, బర్సీ దగ్గరికొస్తుందని మొన్ననే ఇప్పింది."

"అయితే?"

"లైన్ మీద చెయ్యేసే ముంగట ఫ్యూజు పీకి జేబుల ఏస్కుంటం సార్. పని అయినంక మల్ల మనమే పెడ్తం. అప్పటిదాంక ఎవ్వడు స్విచ్చేసినా కరెంటు రాదు. మన పానం మన జేబుల ఉండాలె. ఐటీఐల మాకు ముందుగాల నేర్పింది గదే."

చీఫ్ రిపోర్టు తిరగేశాడు. "కరెంటు బోర్డులో ఫ్యూజు ఉన్నట్టేగా రాశారు."

"ఉంది. అది ఇంకోటి. మనిషి సచ్చినంక ఎవడో వచ్చి, ఖాళీ జూసి, పక్క అరలకెళ్లి వేరేది తీసి పెట్టిండు. జేబు సూడలె. సూడాలని ఆనికి తెల్వది. జిందగీల ఒక్కసారి కూడా లైన్ మీద పని చేసినోడు కాదు సార్ ఆడు."

కింద టైపు మిషన్లు ఒక్కసారి ఆగి మళ్లీ మొదలయ్యాయి. చీఫ్ ఫ్యూజును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఫ్యూజు పీకేసిన లైన్లోకి కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది?"

"నేను గూడ గదే అడుగుతున్న."

చీఫ్ సొరుగులోంచి ఎర్ర ఫైలు తీశాడు. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నౌకాదళం కోసం తయారవుతున్న 'జలనాగం' టార్పెడో మోటారుకు బుర్రలాంటి చిప్ ఒకటుంది. దాన్ని పరీక్షించేది శంభు కంట్రోల్స్ ల్యాబ్‌లో. ఆ ల్యాబ్‌కూ కంపెనీ ఆడిటోరియానికీ మధ్య ఒకటే గోడ. ఏటా డిసెంబర్‌లో ఆ ఆడిటోరియంలో ఇండస్ట్రియల్ ఎలక్ట్రానిక్స్ మీద మూడు రోజుల సదస్సు జరుగుతుంది. దేశవిదేశాల నుంచి నాలుగు వందల మంది వస్తారు. కిందటేడు చిప్ కోసం ప్రయత్నం జరిగింది. జహూర్ చావు గోలలో అది ఆగిపోయింది. ఈ ఏడు మళ్లీ జరుగుతుందని కబురు.

"కొనేవాడు వాల్డెన్. ఒక దేశపు ఎంబసీలో కమర్షియల్ అటాషే. వాడి కారుకు దౌత్య నంబరు. చిప్ వాడి చేతిలో పడితే ఆ చెయ్యి తెరిపించే హక్కు మనకు లేదు. అమ్మేవాడు ఎవడో తెలియదు. లోపల మనకొక మనిషి ఉంది. మృణాళిని. వాల్డెన్ దగ్గర టెక్నికల్ రిప్రజెంటేటివ్. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరికో అన్నది ఆమె ఇష్టం. కోడ్ నీకు రాసిస్తాను." చీఫ్ ఆగి సంగప్ప ముఖంలోకి చూశాడు. "అమ్మేవాడు నాకు ప్రాణాలతో కావాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్," అన్నాడు సంగప్ప. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. జహూర్ ఎట్లా పోయాడో వాడూ అట్లాగే పోవాలని సంగప్ప అప్పటికే లోపల ఒట్టు పెట్టుకుని ఉన్నాడు.

కిందటేడు సదస్సు వాళ్లు అచ్చేసిన పత్రాల సంపుటం ఆఫీసు బీరువాలో ఉంది. ఆరు వందల పేజీలు. అందులో పత్రాలు రాసినవాళ్లు కూడా తమ పేరున్న పేజీ తప్ప ఇంకోటి తెరిచి ఉండరు. సంగప్ప రెండు రోజులు కూర్చుని చివరి అట్టదాకా చదివాడు. నాలుగు వందల పన్నెండో పేజీ దగ్గర అతని వేలు ఆగింది. 'కరెంటు పోయినప్పుడు యంత్రాలను నడిపించే ఇన్వర్టర్. వేదిక మీద ప్రత్యక్ష ప్రదర్శన, ఉదయం 11.40. డాక్టర్ త్రినాథరావు, సదస్సు కార్యదర్శి.' జహూర్ చనిపోయింది పదకొండూ నలభై అయిదుకి. చోటు వేదిక వెనక.

కరెంటు వచ్చింది బోర్డు వైపు నుంచి కాదు. వేదిక వైపు నుంచి వెనక్కి వచ్చింది. ఇన్వర్టర్ వైరును వేదిక మీది ప్లగ్గులో గుచ్చి స్విచ్ వేస్తే ఫ్యూజు పీకేసిన లైను కూడా బతుకుతుంది. దాని మీద చెయ్యి పెట్టినవాడు బతకడు. సంగప్ప పుస్తకం మూశాడు. కోపం వస్తే అరిచే మనిషి కాదు. కోపం వస్తే అతనికి ఆకలి చచ్చిపోతుంది. ఆ రోజు ఏమీ తినలేదు.

డిసెంబర్ పదిన సదస్సు మొదలైంది. సంగప్ప ఖాకీ అంగి వేసుకుని, భుజాన పనిముట్ల సంచి తగిలించుకుని, కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా హాల్లో దిగాడు. సంచి అడుగున రివాల్వర్ ఉంది. చేతిలో ఉన్న టెస్టర్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. అది మాట్లాడేది గేటు బయట ఆగిన పాల వ్యానుతో. మారుపేరు, మారు ఊరు, మారు తండ్రి పేరు అన్నీ కంఠస్థం చేసుకుని వచ్చాడు. మూడు రోజుల్లో ఒక్కరు కూడా అతని పేరు అడగలేదు. ప్రొఫెసర్లకు ఖాకీ అంగి కనపడుతుంది గానీ అందులో మనిషి కనపడడు.

త్రినాథరావు మాత్రం అందరికీ కనపడేవాడే. తెల్లటి సూటు, బంగారు ఫ్రేము కళ్లజోడు, అడుగడుగునా 'వెల్‌కమ్, వెల్‌కమ్'. చేతులు దూదిలా మెత్తగా ఉన్నాయి. స్క్రూ డ్రైవర్ పట్టిన చేతులు కావని పది అడుగుల దూరం నుంచే తెలుస్తోంది.

హాల్లో ఇంకో మనిషి కూడా అందరికీ తెలుసు. రిటైరైన ప్రొఫెసర్ నర్సింహులు. ముందు వరుసలో కూర్చుని ప్రతి పత్రం తర్వాతా లేచి ఒక ప్రశ్న అడుగుతాడు. అధ్యక్షుడు గడియారం చూసి 'టైము లేదండీ' అంటాడు. ఆయన కూర్చుంటాడు. ఇది ఏళ్లుగా జరుగుతున్న తంతు.

రెండో రోజు టీ విరామంలో నీలం షిఫాన్ చీర ఒకటి సంగప్ప దగ్గర ఆగింది. హాలు మొత్తం ఆ చీర వైపే చూస్తోంది గానీ అది ఎవరితో మాట్లాడుతోందో ఎవరూ పట్టించుకోలేదు.

"ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోశారా?" అంది మృణాళిని.

"ఎండాకాలం రానీయుండ్రి మేడమ్." కోడ్ సరిపోయింది.

ఆమె కప్పులో చెంచా తిప్పుతూ తగ్గు గొంతుతో చెప్పింది. "చిప్ నిన్ననే ల్యాబ్ దాటింది. రేపు ముగింపు సభలో మెమెంటోలు ఇస్తారు. చెక్క పీట మీద ఇత్తడి చార్మినార్లు. వాల్డెన్‌కిచ్చే దాని పీటలో చిప్ ఉంటుంది. త్రినాథరావు దాన్ని చివరిదాకా చేతిలోంచి వదలడు."

"ఇప్పుడే పట్టుకుంటే?"

"పీటలో ఏముందో నాకేం తెలుసు, కొట్టువాడు ఇచ్చాడు అంటాడు. నాకు తెలుసు అని వాడి నోటితోనో చేతితోనో చెప్పించాలి. అది మీ పని." ఆమె నవ్వి వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత అదే నవ్వుతో త్రినాథరావు చెవిలో ఏదో చెప్పడం సంగప్ప చూశాడు.

ఫలితం గంటలోనే వచ్చింది.

"ఏయ్, ఎలక్ట్రీషియన్. వేదిక వెనక మైకు లైను చూడు. గరగరమంటోంది," అన్నాడు త్రినాథరావు. వేదిక మీద అతని కొత్త ఇన్వర్టర్ ప్రదర్శనకు సిద్ధంగా ఉంది. దాని నుంచి ఒక నల్లటి వైరు వేదిక ప్లగ్గులోకి వెళ్లింది.

సంగప్ప బోర్డు దగ్గరికి వెళ్లి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. వేదిక వెనక పెట్టె విప్పాడు. జహూర్ నిలబడ్డ చోటు ఇదే. లోపలి రెండు వైర్లనూ కొసలు పట్టకుండా కట్టింగ్ ప్లయరుతో ఒకదానికొకటి మెలిపెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అవతల 'లేడీస్ అండ్ జెంటిల్మెన్' వినిపించింది. స్విచ్ టక్కుమంది. మరుక్షణం ఢామ్మని చప్పుడు. కలిపిన వైర్ల మీదికి దూకిన కరెంటు తిరిగి ఇన్వర్టర్ పొట్టలోనే పేలింది. హాలంతా పొగ. నాలుగు వందల మంది దగ్గారు. ప్రొఫెసర్ నర్సింహులు ప్రశ్న అడగడానికి లేచాడు.

త్రినాథరావు తెర తోసుకుని వెనక్కి వచ్చాడు. శవం కోసం వచ్చినవాడికి మనిషి ఎదురయ్యాడు. అతని తెల్ల సూటుకూ సంగప్పకూ మధ్య మూడడుగులు. సంచిలో రివాల్వర్ ఉంది. తెర మూసి ఉంది. పొగలో ఎవరూ ఏమీ చూడరు. సంగప్ప చెయ్యి సంచిలోకి పోయింది. చంపాలని ఉంది. ఇంత కోరిక అతనికి జీవితంలో దేని మీదా కలగలేదు.

ఆ చేతిని ఆపింది చీఫ్ ఆర్డరు కాదు. ఆ పొద్దున క్యాంటీన్ వెనక కప్పులు కడుగుతూ నజీరా అన్న మాట.

"ఆని పేరు దొరికింది భాబీ. జహూర్ ఎట్ల పోయిండో ఆణ్ణి గట్లనే పంపిస్త," అన్నాడు సంగప్ప అప్పుడు.

నజీరా కప్పు బోర్లించి తల ఎత్తింది. "సచ్చినోడు జవాబు చెప్తడా భయ్యా? ఆడు సస్తే ఆ బోర్డు గట్లనే ఉంటది. నా మొగడు పని రానోడని పిలగాండ్లకు సదివిస్తనే ఉంటరు. నాకు పీనుగ వద్దు. జవాబు గావాలె. అందరి ముంగట."

సంగప్ప చెయ్యి సంచిలోంచి ఖాళీగా బయటికొచ్చింది. "వైరు షార్టయింది సార్. మాఫ్ చేయుండ్రి," అన్నాడు తల వంచుకుని.

త్రినాథరావు అతన్ని ఎగాదిగా చూశాడు. ఇతను తెలివైనవాడా, అదృష్టవంతుడా అన్నది తేలలేదు. ప్రొఫెసర్లకు సహజమైన నమ్మకంతో రెండోదే అనుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ముగింపు సభ. వేదిక మీద పళ్లెంలో పన్నెండు ఇత్తడి చార్మినార్లు. పదమూడోది త్రినాథరావు ఒళ్లో. పక్క కుర్చీలో వాల్డెన్, బూడిద రంగు సూటులో, వచ్చీరాని 'నమస్కారం'తో.

మన సభల్లో సన్మానం జాబితా పెళ్లి బంతి లాంటిది. వండింది వందమందికి, కూర్చునేది నూటయాభై మంది. వెనకనుంచి ఎవరైనా చీటీ మీద ఇంకో పేరు రాసి పంపితే మైకు దగ్గరున్న లెక్చరర్ కాదనడు. కాదంటే ఆ పేరుగల పెద్దమనిషి ఏడాదంతా మాట్లాడడు. వాల్డెన్ ముఠాకు ఉపగ్రహాల గురించి తెలుసు, రహస్య సిరాల గురించి తెలుసు. ఈ చీటీల సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. త్రినాథరావు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు గానీ, సరిగ్గా పదమూడు పేర్లకు పదమూడు మెమెంటోలు తెచ్చి ఊరుకున్నాడు.

సంగప్ప ఆ మధ్యాహ్నం నాలుగు చీటీలు రాశాడు. ఖాకీ అంగి మైకు దాకా వెళ్లి చీటీ ఇస్తే ఎవరు పంపారని అడిగేవాడు లేడు. మొదటి చీటీకి జిన్నారం సర్పంచి, రెండోదానికి క్యాంటీన్ కాంట్రాక్టరు, మూడోదానికి బస్సులు ఏర్పాటు చేసిన పెద్దమనిషి లేచి వచ్చి, మెడలు వంచి, శాలువాలు కప్పించుకుని, చార్మినార్లు పట్టుకుని దిగారు. వాళ్లలో ఒక్కరికీ ఎందుకు పిలిచారన్న అనుమానం రాలేదు. పళ్లెం ఖాళీ అయింది. అసలు జాబితాలో మిగిలిన ముగ్గురికి వట్టి శాలువాలే దక్కాయి. ఇక మిగిలింది వాల్డెన్ పేరు. త్రినాథరావు ఒళ్లోది తీసుకుని లేచి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం సార్," అంది మైకు. లెక్చరర్ నాలుగో చీటీ విప్పాడు. "మన కిందటి సదస్సులో విధి నిర్వహణలో మరణించిన ఎలక్ట్రీషియన్ జహూర్ గారి భార్య, శ్రీమతి నజీరా బేగం గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం. కార్యదర్శి డాక్టర్ త్రినాథరావు గారి చేతుల మీదుగా సన్మానం."

హాలంతా చప్పట్లు. పక్క తలుపులోంచి నజీరా వచ్చింది. చేతులింకా తడిగానే ఉన్నాయి. కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

త్రినాథరావు చార్మినార్‌ను చంకలో ఇరికించుకుని శాలువా కప్పాడు. అది రెండుసార్లు జారింది. తాను చంపినవాడి భార్య మెడ చుట్టూ శాలువా సర్దడం ఎంత కష్టమో సంగప్ప వేదిక పక్కనుంచి తృప్తిగా చూశాడు.

"మెమెంటో, సార్," అన్నాడు లెక్చరర్.

"అయిపోయాయి. శాలువా చాలు."

"మీ చేతిలో ఉందిగా సార్."

"ఇది గెస్ట్‌ది," అన్నాడు త్రినాథరావు. ఆ మాట మైకులో పడి హాలంతా వినపడింది.

"ఆయనకు తర్వాత పంపిద్దాం లేవయ్యా. ముందు ఆ తల్లికి ఇవ్వు," అన్నాడు ముందు వరుసలోంచి ప్రొఫెసర్ నర్సింహులు. చాలామంది అవునన్నారు. త్రినాథరావు కదలలేదు. చార్మినార్‌ను ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. పది నిమిషాల కిందట అలాంటివే పన్నెండు పంచుతుంటే నవ్వుతూ చూసినవాడు ఈ ఒక్కదాన్ని ఎందుకు ఇవ్వడో నాలుగు వందల మందికీ అర్థం కావడం లేదు.

ఈలోగా లెక్చరర్ ఆనవాయితీ ప్రకారం నజీరా ముందు మైకు పెట్టి, రెండు మాటలు చెప్పమన్నాడు.

"నాకు మాటలు రావు," అంది నజీరా. "ఒక్కటి అడుగుత. మీరంత కరెంటు సదువుకున్నోళ్లు. నా మొగడు సచ్చినప్పుడు ఫ్యూజు ఆయన జేబులనే ఉంది. అంగిల నాకే దొరికింది. ఫ్యూజు పీకిన లైన్లకు కరెంటు యాడికెళ్లి వచ్చింది? గింత చెప్పుండ్రి."

ఆ మూడు రోజుల్లో ఆ హాల్లో చదివిన నూటపది పత్రాల్లో ఒక్కటి కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. వెనక వరుసల్లో పెదవులు కదులుతున్నాయి. జవాబు చాలామందికి తెలుస్తూనే ఉంది.

ప్రొఫెసర్ నర్సింహులు మెల్లగా లేచాడు. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు.

"లైనుకు అవతలి కొసన ఇంకో సప్లై ఉండాలమ్మా. ఆ రోజు ఆ టైములో వేదిక మీద ఒక్కటే ఉంది, ఇన్వర్టర్. ఇది వెనక్కి ఫీడ్ అయితే లైను మీద పనిచేసేవాడి గతేమిటని నేను లేచి అడిగాను కూడా. టైము లేదన్నారు." ఆయన త్రినాథరావు వైపు తిరిగాడు. "ఇప్పుడు ఉంది. చెప్పు నాయనా."

త్రినాథరావు తల తిప్పి వాల్డెన్‌ని చూశాడు. వాల్డెన్ అప్పటికే లేచి చెయ్యి చాపాడు. ఇద్దరి మధ్య రెండడుగులు. ఆ చేతిలో పడితే అంతా అయిపోయినట్టే. త్రినాథరావు ఒక్క దూకు దూకాడు.

సంగప్ప మెట్ల మీద ఉన్నాడు. అందలేడు. అందింది నజీరా. రెండు చేతులతో చార్మినార్ మీనార్లను పట్టుకుంది.

"నాకిచ్చిన్రు గద సార్. ఇగ ఇది నాది," అంది.

అతను పీట పట్టుకుని లాగాడు. ఆమె మీనార్లు వదల్లేదు. పన్నెండు నెలలు గంజులు తోమిన చేతులవి. ఫట్‌మని పీట విరిగింది. పచ్చ మఖ్మల్ గుడ్డ కింద నుంచి వేలి గోరంత గాజు కిటికీ ఉన్న నల్లటి చిప్ ఒకటి జారి నజీరా శాలువా మడతలో పడింది. వాల్డెన్ చాపిన చెయ్యి అలాగే వెనక్కి తిరిగి తన టై సర్దుకుంది.

అప్పటికి సంగప్ప వచ్చి త్రినాథరావు మెత్తటి మణికట్టు పట్టుకున్నాడు. పాల వ్యానులోంచి ఆరుగురు హాల్లోకి వచ్చారు. ఏ ఒక్కరి దగ్గరా పాలు లేవు.

"ఎవరు నువ్వు?" అన్నాడు త్రినాథరావు. మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటివాడు అతనే.

"జహూర్ దోస్తును. ఇంకోసారి ఎవనిదన్న ఫ్యూజు పెట్టేటప్పుడు ముంగట జేబు సూడు సార్," అన్నాడు సంగప్ప. ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు ఆ మాటతో పోయింది. ఆకలి కూడా వేసింది.

త్రినాథరావును దించుకుపోతుంటే హాలు లేచి నిలబడింది. అతని కోసం కాదు. ఫ్యాక్టరీ మేనేజర్ ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచి, గేటు పక్కన బోర్డును తన చేత్తోనే పీకడం మొదలుపెట్టాడు. మృణాళిని ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ చూడలేదు. సదస్సు ఎలా జరిగిందో చెప్పమని పంచిన ఫారం ఒకటి ఆమె కుర్చీలో ఉంది. 'ఈసారి నేను మీకే పనిచేశాను, గమనించగలరు' అని అందమైన చేతిరాత.

మర్నాడు టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద చీఫ్ ఆపరేషన్ ఫారం ముందు పెట్టుకున్నాడు.

"ప్రాణాలతో తెచ్చావు. మెచ్చుకుంటున్నాను. రివాల్వర్ ఇచ్చి పంపాను కదా, తూటాలు ఎన్ని ఖర్చయ్యాయి?"

"ఒక్కటి గూడ లేదు సార్. శాలువా ఒకటి ఖర్చయింది. భాబీ వాపస్ ఇయ్యనంటుంది."